ముగింపు నిరాశపరిచిన అవార్డు షార్ట్ ఫిల్మ్‌కు మార్కులు ఎలా వేయాలి?

అవార్డుకు నామినేట్ అయిన షార్ట్ ఫిల్మ్ చూశారు. పదిహేను నిమిషాలపాటు తెర మీంచి చూపు తిప్పలేదు. చివరి నిమిషంలో ఉసూరుమనిపించింది. ఇప్పుడు దానికి ఎన్ని మార్కులు వేయాలి? ఏమని రాయాలి?

ఫిల్మ్ క్లబ్బుల్లో మార్కులు వేసేవాళ్లు, చిత్రోత్సవాలకు వచ్చిన ఎంట్రీలను మొదటి దశలో వడపోసేవాళ్లు, కొత్తగా సమీక్షలు రాస్తున్నవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తుంటారు. నామినేషన్ వచ్చిందంటే ఏదో ఉండే ఉంటుంది, నాకే అర్థం కాలేదేమో అని మార్కులు పెంచేస్తారు. లేదా క్లైమాక్స్ చెడింది కాబట్టి సినిమా మొత్తం చెడిందని కోసేస్తారు. మొదటి పని చేస్తే మీ చూపును మీరే నమ్మనట్టు. రెండో పని చేస్తే పదిహేను నిమిషాల పనితనాన్ని చూడనట్టు.

కింద చెప్పే పద్ధతికి ఆధారం ఒక్కటే. ముగింపు తేలిపోయిందనిపించినప్పుడు, లోపం చాలాసార్లు అంతకుముందే ఎక్కడో మొదలై ఉంటుంది. అది ఏ నిమిషంలో మొదలైందో వేలుపెట్టి చూపించగలిగితే మార్కుల లెక్క దానంతటదే తేలుతుంది.

కావాల్సినవి

- సినిమాను రెండుసార్లు చూసే వీలు. ఒక్కసారే చూడగలిగితే ఏం చేయాలో ఆఖర్లో చెప్తాను.
- కాగితం, పెన్ను. ఫోన్‌లో నోట్స్ వద్దు, ఒక నోటిఫికేషన్ వస్తే ఒక షాట్ పోతుంది.
- నిమిషాలు, సెకన్లు కనిపించే ప్లేయర్.
- హెడ్‌ఫోన్స్. చాలా షార్ట్ ఫిల్మ్‌ల ముగింపు బొమ్మలో కంటే శబ్దంలో ఉంటుంది.
- రెండు వీక్షణల మధ్య కనీసం ఒక రాత్రి ఎడం.

సినిమా గురించి దర్శకుడి ఇంటర్వ్యూ, చిత్రోత్సవం వేసిన పరిచయ వాక్యాలు, ఇతరుల రేటింగులు మార్కులు వేసేదాకా తెరవకండి. "ఒంటరితనం మీద లోతైన పరిశీలన" అని ముందే చదివితే, తెర మీద లేని ఒంటరితనం కూడా మీకు కనిపిస్తుంది.

వివరించడానికి వీలుగా ఒక కథ అల్లుకుందాం. నిజంగా ఉన్న సినిమా కాదు. నిడివి 17 నిమిషాలు. అర్ధరాత్రి తాళాలు తీసే పనివాడికి ఫోన్ వస్తుంది. వెళ్లి చూస్తే ఒక స్త్రీ ఇంటి బయట నిలబడి ఉంటుంది. తాళంచెవి పోయిందంటుంది. అతను వీధి తలుపు తీస్తాడు. ఆ తర్వాత లోపలి గది తలుపు తీయమంటుంది. ఆ తర్వాత బీరువా. ఒక్కో తాళం తీస్తున్నకొద్దీ ఇది ఆమె ఇల్లు కాదేమోనన్న అనుమానం అతని మొహంలో కనిపిస్తూ ఉంటుంది. అయినా అడగడు. చివర్లో గోడ మీద ఫొటో చూస్తాడు. అందులో ఉన్నది ఆమే. కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ. వెనక్కి తిరిగితే గదిలో ఎవరూ లేరు. తెర నల్లబడుతుంది.

1. మొదటిసారి ఆపకుండా చూడండి, వెంటనే ఒక్క వాక్యం రాయండి

పాజ్ చేయకండి. టైటిల్స్ పూర్తయ్యేదాకా కూర్చోండి. కొన్ని సినిమాల్లో ఆఖరి శబ్దమో, చిన్న దృశ్యమో టైటిల్స్ మధ్యలో ఉంటుంది.

పూర్తవగానే మీ నిరాశను ఒక్క వాక్యంలో రాయండి. "బాగోలేదు" అని రాస్తే రేపు పనికిరాదు. ఇలాంటివి పనికొస్తాయి: "అప్పుడే అయిపోయిందా అనిపించింది", "నన్ను మోసం చేసినట్టు ఉంది", "సగంలోనే ఊహించేశాను", "ఏం జరిగిందో అర్థం కాలేదు", "అర్థమైంది గానీ మనసు ఒప్పుకోలేదు". ఇవి ఐదు వేరువేరు రోగాలు. ఏది మీదో గుర్తించడంతోనే సగం పని అయిపోతుంది.

2. మీరు చూసింది సరైన కాపీయేనా అని చూసుకోండి

దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. నిడివి సరిపోలిందా? అధికారిక నిడివి 17 నిమిషాలై, మీరు చూసింది 15 నిమిషాల 50 సెకన్లయితే ముందు కాపీ సంగతి తేల్చుకోండి. ఆఖరి మాటకు సబ్‌టైటిల్ పడిందా? గోడ మీది రాత, ఫోన్‌లో మెసేజ్, ఉత్తరంలో వాక్యం లాంటివాటికి అనువాదం వేయకుండా వదిలేసిన కాపీలు తిరుగుతుంటాయి. మన ఉదాహరణలో ఫొటో కింద తేదీలు వేరే లిపిలో ఉండి, సబ్‌టైటిల్ లేకపోతే, ముగింపు మొత్తం "అర్థం కాలేదు" ఖాతాలో పడుతుంది. ఆ నేరం దర్శకుడిది కాదు.

చీకటి సీన్లున్న సినిమాను పగటి వెలుతురులో ఫోన్ తెర మీద చూసి ఉంటే, రెండోసారి తప్పకుండా చీకటి గదిలో, పెద్ద తెర మీద చూడండి.

3. ఒక రాత్రి ఆగండి

ఆగమనడానికి కారణం ఉంది. ఏ అనుభవాన్నయినా మనం దాని తారస్థాయి, దాని చివరి క్షణాలను బట్టే ఎక్కువగా గుర్తుపెట్టుకుంటాం. 1993లో మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, మరికొందరు పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో కొందరి చేతిని 14 డిగ్రీల చల్లటి నీళ్లలో 60 సెకన్లు ఉంచారు. మరోసారి అదే 60 సెకన్లు ఉంచి, పైన ఇంకో 30 సెకన్లు కొనసాగించారు. ఆ ముప్ఫై సెకన్లలో నీటిని మెల్లగా 15 డిగ్రీలకు తెచ్చారు. ఏది మళ్లీ చేస్తారని అడిగితే, ఎక్కువమంది ఎక్కువసేపు బాధపడిన రెండోదాన్నే ఎంచుకున్నారు. ముగింపు కాస్త నయంగా ఉండటమే కారణం.

ఇదే సంగతి సినిమాలో తిరగబడుతుంది. చివరి తొంభై సెకన్ల చేదు ముందున్న పదిహేనున్నర నిమిషాలకూ అంటుకుంటుంది. పైగా షార్ట్ ఫిల్మ్‌లో ఆ తొంభై సెకన్లు సినిమాలో దాదాపు పదో వంతు. తెల్లారాక ఆ చేదు తగ్గుతుంది, వివరాలు పైకి తేలతాయి. సినిమా గురించి మీకు ఏ సీన్ ముందు గుర్తొచ్చిందో పొద్దున్నే రాసిపెట్టుకోండి.

4. సినిమా అడిగిన ప్రశ్నను రాయండి

రెండోసారి మొదటి మూడు నిమిషాలు మాత్రమే చూసి ఆపండి. సినిమా మిమ్మల్ని ఏ ప్రశ్నతో కూర్చోబెట్టిందో ఒక వాక్యంలో రాయండి. మాటల్లో కాకుండా కెమెరా ఎవరితో ఉంది, ఎవరి మొహం మీద ఎక్కువసేపు నిలిచింది అన్నదాన్ని బట్టి రాయాలి.

మన ఉదాహరణలో కెమెరా మొదటి నుంచీ తాళాలవాడితోనే ఉంది. అతని చేతులు, అతని సంకోచం. కాబట్టి ప్రశ్న ఇలా ఉంటుంది: "అనుమానం వచ్చాక కూడా ఇతను ఎందుకు అడగడు? ఎంతదాకా అడగకుండా ఉంటాడు?" ఇప్పుడు ముగింపు చెప్పిన జవాబు పక్కన రాయండి: "ఆమె బతికిలేదు." రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చదవండి. అడిగింది అతని గురించి, చెప్పింది ఆమె గురించి. నిరాశకు కారణం ఇక్కడే బయటపడింది.

హెచ్చరిక: ప్రశ్న రాసేటప్పుడు మీకు నచ్చిన ప్రశ్న రాసుకోవడం చాలా తేలిక. సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. మీరు రాసిన ప్రశ్నను బలపరిచే షాట్లు మొదటి మూడు నిమిషాల్లో కనీసం రెండు చూపించండి. చూపించలేకపోతే ఆ ప్రశ్న మీది, సినిమాది కాదు.

5. మిగతా సినిమాను నిమిషాల లెక్కతో చూడండి

ఇప్పుడు పాజ్ చేయొచ్చు. ప్రతి సీన్ మొదలైన సమయం, అందులో ఏం మారింది అన్నది నాలుగు మాటల్లో రాసుకోండి. ఏమీ మారకపోతే "మార్పు లేదు" అని రాయండి. పదిహేడు నిమిషాల సినిమాకు పది పన్నెండు వరుసలు వస్తాయి.

ఆ వరుసల్లో వెతకాల్సింది ఒకటి: పాత్ర వెనక్కి తిరగలేని నిర్ణయం ఎక్కడ తీసుకుంది? మన సినిమాలో అది 9వ నిమిషం. రెండో తలుపు దగ్గర ఆమె మామూలు కూలికి రెట్టింపు డబ్బు చేతిలో పెడుతుంది. అతను లెక్కపెట్టకుండా జేబులో వేసుకుంటాడు. అడగకూడదని నిర్ణయించుకున్నది ఆ క్షణంలోనే. దర్శకుడు దాన్ని వెనకనుంచి తీశాడు, నాలుగు సెకన్లలో కట్ చేశాడు. మొహం చూపించలేదు. సినిమాకు గుండెకాయ లాంటి క్షణం చేయి దాటిపోయింది కాబట్టి, చివర్లో బరువు తేవడానికి బయటినుంచి ఒక దెయ్యాన్ని తెచ్చుకోవాల్సి వచ్చింది. లోపం పదిహేడో నిమిషంలో కనపడుతుంది, పుట్టింది మాత్రం తొమ్మిదో నిమిషంలో.

నిర్ణయ క్షణమే దొరకని సినిమాలు కూడా ఉంటాయి. కొన్ని ఒక స్థితిని మాత్రమే చూపిస్తాయి: ఒక మధ్యాహ్నం, ఒక గది, ఒక ఎదురుచూపు. వాటికి ఈ మెట్టు వర్తించదు. వాటిలో మొదటి షాట్‌కూ చివరి షాట్‌కూ మధ్య మీ చూపు మారిందా అని చూస్తే చాలు.

6. ఏ రకం నిరాశో తేల్చండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఈ మెట్టు మీదే. ఒక్కో రకానికి ఒక్కో పరీక్ష.

సగంలో ఆగినట్టున్న ముగింపు. ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే. కావాలని తెరిచి ఉంచిన ముగింపును అసంపూర్ణమంటారు, అసంపూర్ణమైనదాన్ని కళాత్మకమంటారు. తేడా తెలుసుకోవడానికి కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ముగింపు తర్వాత జరగగల రెండు సంగతులు చెరోవైపు రాయండి. ఉదాహరణకు "ఆమె తిరిగి వస్తుంది", "ఆమె ఇక రాదు". ఒక్కోదాని కింద దాన్ని బలపరిచే షాట్లు రాయండి. రెండువైపులా కనీసం రెండేసి షాట్లు దొరికితే అది తెరిచి ఉంచిన ముగింపు. దర్శకుడు రెండు దారులూ వేసి మిమ్మల్ని కూడలిలో నిలబెట్టాడు. మార్కులు తగ్గించకండి. రెండు వైపులా ఖాళీగా ఉంటే దర్శకుడికే తెలియదన్నమాట, తగ్గించండి. ఒకవైపే నిండితే ముగింపు నిజానికి మూసే ఉంది, మీరు గమనించలేదు.

ట్విస్ట్. ట్విస్ట్ తెలిసిన కళ్లతో మొదటినుంచీ చూడండి. సినిమా మీ దగ్గర దాచిందా, మీకు అబద్ధం చెప్పిందా? దాచడం కథ చెప్పేవాడి హక్కు. అబద్ధం చెప్తే ఆట చెడినట్టే. మన సినిమాలో 2వ నిమిషంలో రోడ్డు మీద వెళ్తున్న ఒకతను ఆ స్త్రీకి దారి ఇస్తూ పక్కకు జరుగుతాడు. ఆమె తాళాలవాడికి మాత్రమే కనిపించే మనిషైతే అతనెందుకు జరిగాడు? అందరికీ కనిపించే మనిషైతే చివర్లో ఎలా మాయమైంది? సినిమా తన నియమాన్ని తానే తప్పింది. ఇలాంటి షాట్ ఒక్కటి దొరికినా నోట్ చేసుకోండి, తీర్పు రాసేటప్పుడు దానికి మించిన ఆధారం ఉండదు. దానికి భిన్నంగా, రెండోసారి చూస్తున్నప్పుడు పాత సీన్లకు కొత్త అర్థం వస్తుంటే, మొదటిసారి మీకు నచ్చకపోయినా ఆ ట్విస్ట్ నిలబడినట్టే.

"అదంతా కల" అని తేల్చే ముగింపుకు పరీక్ష ఇంకా సులువు. కలలో జరిగినదానివల్ల మెలకువలో పాత్ర ఏదైనా భిన్నంగా చేసిందా? చేయకపోతే అప్పటిదాకా మీరు పెట్టిన శ్రద్ధను సినిమా తిరిగివ్వలేదు.

నల్ల తెర మీద గణాంకాలు. సామాజిక సమస్య మీద తీసిన షార్ట్ ఫిల్మ్‌లలో ఇది తరచూ కనిపిస్తుంది. కథ అయిపోగానే ఏటా ఎంతమంది ఇలా బాధపడుతున్నారో తెల్లటి అక్షరాల్లో వేస్తారు. ఆ కార్డు రావడానికి ఒక్క సెకను ముందు పాజ్ చేసి, అక్కడే సినిమా అయిపోయిందనుకోండి. కథ మీకు అందిందా? అందితే కార్డు అదనపు సమాచారం, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. కార్డు చదివాకే కథ అర్థమైతే, సినిమా చేయాల్సిన పనిని అక్షరాలకు అప్పజెప్పారు. నిజ ఘటన ఆధారంగా తీసినవాటిలో ఆ మనుషులు తర్వాత ఏమయ్యారో చెప్పే కార్డు వేరు. దానికి మార్కులు తగ్గించడం న్యాయం కాదు. విషయం ఎంత గొప్పదైనా దానికి విడిగా మార్కులుండవని మాత్రం గుర్తుంచుకోండి. మంచి విషయం మీద చెడ్డ సినిమా రావచ్చు.

చావుతో ముగింపు. పాత్ర తీసుకున్న నిర్ణయంవల్ల ఆ చావు వచ్చిందా, లేక లారీ గుద్దిందా? రెండోదైతే బరువు అప్పు తెచ్చుకున్నారు.

పెద్ద సినిమాకు ప్రకటనలా ఉన్న ముగింపు. నిర్మాతలకు చూపించి ఫీచర్ ఫిల్మ్ అవకాశం తెచ్చుకోవడానికి తీసే షార్ట్ ఫిల్మ్‌లు చాలానే ఉన్నాయి. అందులో తప్పేమీ లేదు. "తర్వాత ఏమవుతుంది" అన్న ఆసక్తి తప్ప చివర్లో మీ దగ్గర ఇంకేమీ మిగలకపోతే మాత్రం అది మొదటి అధ్యాయమే. మీకు ఇచ్చింది మొదటి అధ్యాయం, మీరు మార్కులు వేయాల్సింది పూర్తి సినిమాకు.

అయిపోయాక కూడా సాగిన ముగింపు. దీనికి ఏడో మెట్టు చూడండి.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది: మీకు ఇష్టంలేని ముగింపు. చెడ్డవాడికి శిక్ష పడలేదు, ప్రేమించుకున్నవాళ్లు కలవలేదు, పాప తల్లి దగ్గరికి వెళ్లలేదు. మీ మనసులో మెదిలిన మాట ఏమిటో చూసుకోండి. "ఇలా జరగకూడదు" అనిపించిందా, "ఇలా జరగదు" అనిపించిందా? జరగకూడదనిపిస్తే సినిమా మిమ్మల్ని కదిలించింది, అది విజయమే. జరగదనిపిస్తే నమ్మించలేకపోయింది. మార్కులు తగ్గాల్సింది రెండోదానికే.

7. కత్తెర పరీక్ష

కొత్త సీన్ ఏదీ చేర్చకుండా, ఉన్నదాంట్లోనే సినిమా ఎక్కడ ఆగి ఉంటే బాగుండేదో వెతకండి. చివరి రెండు నిమిషాల్లో మూడు చోట్ల పాజ్ చేసి, తెర ఆపేసి, పది సెకన్లు నిశ్శబ్దంగా కూర్చోండి. ఎక్కడ ఆపినప్పుడు సినిమా పూర్తయినట్టు అనిపించింది?

మన సినిమాలో 15 నిమిషాల 40 సెకన్ల దగ్గర బీరువా తాళం "టక్" మంటుంది. అతని చేయి హ్యాండిల్ మీద ఆగిపోతుంది. తెరవమని ఆమె తల ఊపుతుంది. అతను తల దించుకుంటాడు. అక్కడ ఆపి చూడండి. ఎంతదాకా అడగకుండా ఉంటాడన్న ప్రశ్నకు జవాబు వచ్చేసింది. బీరువాలో ఏముందో, ఆమె ఎవరో తెలియనక్కర్లేదు. ఆ తర్వాతి ఎనభై సెకన్లు లేకపోతే ఇదే సినిమా ఎన్నో రెట్లు మెరుగ్గా ఉండేది.

ఈ పరీక్షలో మంచి చోటు దొరికితే లోపం ఎడిటింగ్‌లో, అంటే సినిమా చేతిలో మంచి ముగింపు ఉండీ దాటేసింది. ఎక్కడా దొరక్కపోతే లోపం కథలోనే ఉంది. రెండోది పెద్ద లోపం.

హెచ్చరిక: "నేనైతే ఆమెను పోలీసులకు పట్టించేవాణ్ని" అంటూ కొత్త కథ మొదలుపెట్టకండి. మీరు రాయని సినిమాతో వాళ్లు తీసిన సినిమాను పోల్చడం తీర్పు కాదు.

8. మార్కులు వేయండి

మీకు చిత్రోత్సవం ఇచ్చిన ఫారం ఉంటే అదే వాడండి. లేకపోతే నూటికి ఇలా పంచుకోండి: ఆలోచన 20, కథనం 25, నటన 15, దృశ్యం–శబ్దం–ఎడిటింగ్ 20, ముగింపు 20.

ముగింపు గడిని ఆఖర్లో నింపండి. మిగతా నాలుగూ నింపాక ఆ కాగితాన్ని కాసేపు పక్కన పెట్టి వచ్చి నింపితే ఇంకా మంచిది. మన సినిమాకు నేనైతే ఆలోచనకు 17, కథనానికి 17, నటనకు 13, దృశ్యం–శబ్దం–ఎడిటింగ్‌కు 16, ముగింపుకు 7 వేస్తాను. మొత్తం 70. సినిమా పూర్తయిన క్షణంలో అడిగితే బహుశా మీరు 45 వేసేవారు. ఆ తేడా అంతా చివరి నిమిషం చేదు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకే తప్పుకు రెండుసార్లు కోత వేయడం. తొమ్మిదో నిమిషంలో జారిపోయిన క్షణానికి కథనంలో తగ్గించారు కదా, ముగింపు గడిలో మళ్లీ దానికే తగ్గించకండి. ముగింపులో కొత్తగా జరిగిన తప్పు ఏమిటి? రోడ్డు మీది మనిషి షాట్‌తో తన నియమం తప్పడం, ఆగాల్సిన చోట ఆగకపోవడం. వాటికి మాత్రమే.

డాక్యుమెంటరీ అయితే ముగింపు వాటాను 10కి తగ్గించి, ఆ పదిని కథనానికి కలపండి. జీవితం ఎక్కడ ఆగుతుందో దర్శకుడి చేతిలో ఉండదు. కోర్టు కేసు తేలకముందే సినిమా పూర్తికావచ్చు. ఫలితం చెప్తానని సినిమా ముందే ఆశపెట్టిందా లేదా అన్నది చూస్తే చాలు. యానిమేషన్‌కు పై లెక్కే సరిపోతుంది.

9. ఇప్పుడు నామినేషన్ సంగతి చూడండి

మార్కులు వేశాకే, అంతకుముందు కాదు. నామినేషన్ ఏం చెప్తుందో, ఏం చెప్పదో తెలిస్తే దానికి భయపడక్కర్లేదు. ఆస్కార్ సంగతే తీసుకోండి. షార్ట్ ఫిల్మ్ అంటే టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాలు మించకూడదు. లైవ్ యాక్షన్ (మనుషులు నటించే కథలు), యానిమేషన్, డాక్యుమెంటరీ అని మూడు విభాగాలు. ఒక్కో విభాగంలో 15 సినిమాలతో షార్ట్‌లిస్ట్, అందులోంచి 5 నామినేషన్లు. ఆస్కార్లు ఇచ్చే అకాడమీ గుర్తించిన చిత్రోత్సవాల్లో నిర్దేశించిన బహుమతి గెలవడం ఈ పోటీలోకి రావడానికి ఒక దారి. అంటే నామినేట్ అయిన సినిమాను మీకంటే ముందు చాలామంది, చాలా సినిమాల మధ్య చూసి ఎంచుకున్నారు. ఏదో ఒక బలం లేకుండా అక్కడిదాకా రాదు. ఆ బలం ముగింపులోనే ఉండాలన్న నియమం మాత్రం లేదు. నటన కావచ్చు, ఆలోచన కావచ్చు, ఒక్క మర్చిపోలేని సీన్ కావచ్చు.

మీ షీట్‌లో 80 శాతం దాటిన గడి ఒక్కటైనా ఉందా చూడండి. ఒక్కటీ లేకపోతే ఆ సినిమా బలం మీ కంట పడలేదేమో, మరోసారి చూడండి. ఉంటే మీ మార్కులు మార్చాల్సిన పని లేదు.

పోల్చేటప్పుడు నిడివిని కూడా లెక్కలోకి తీసుకోండి. షార్ట్ ఫిల్మ్ అన్నదానికి అందరిదీ ఒకే కొలత కాదు. కాన్ చిత్రోత్సవం షార్ట్ ఫిల్మ్ పోటీకి 15 నిమిషాలు దాటినవి తీసుకోదు. అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో 50 నిమిషాలలోపు ఏదైనా షార్టే. 38 నిమిషాల సినిమాకు ముగింపును నెమ్మదిగా పండించే వీలుంటుంది, 9 నిమిషాల సినిమాకు ఉండదు. మొదటి, రెండో స్థానాలు నిర్ణయించాలంటే ఆ విభాగంలోని సినిమాలన్నీ చూసి తీరాలి. అకాడమీ కూడా 2025 ఏప్రిల్‌లో ఈ సంగతిని నిబంధనగా ప్రకటించింది: 98వ ఆస్కార్ అవార్డుల నుంచి, ఒక విభాగంలో నామినేట్ అయిన సినిమాలన్నీ చూసిన సభ్యులకే ఆ విభాగం చివరి దశలో ఓటు.

10. తీర్పు రాయండి

"సినిమా బాగుంది కానీ ముగింపు నిరాశపరిచింది" అని రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు, తీసినవాడికి ఏమీ దక్కదు. ఇలా రాయండి:

"తాళాలవాడి సంకోచాన్ని పట్టుకోవడంలో ఈ సినిమా చాలా దూరం వెళ్లింది. రెండో తలుపు దగ్గర అతను డబ్బు తీసుకున్న క్షణంలో అసలు కథ ఉంది. దాన్ని నాలుగు సెకన్లలో దాటేయడంవల్ల, చివర్లో ఆమె ఎవరన్న రహస్యం మీద ఆధారపడాల్సి వచ్చింది. బీరువా తాళం తెరుచుకున్న చోటే ఆగి ఉంటే సరిపోయేది."

నాలుగు వాక్యాల్లో బలం, లోపం పుట్టిన చోటు, దాని ఫలితం, దానికి మందు అన్నీ ఉన్నాయి. జ్యూరీ నోట్‌కు, దర్శకుడికి పంపే అభిప్రాయానికి ఇది చాలు.

సినిమా చూడనివాళ్ల కోసం రాస్తుంటే ముగింపు బయటపెట్టకూడదు. అప్పుడు సంఘటన బదులు దిశను చెప్పండి: "పదిహేను నిమిషాలు ఒక మనిషి వెంట నడిపించిన సినిమా, చివర్లో అతన్ని వదిలేసి ఇంకెటో తిరుగుతుంది." "ఊహించని ట్విస్ట్ ఉంది" అని మాత్రం రాయకండి. ట్విస్ట్ ఉందని చెప్పడమే సగం చెప్పేయడం.

సరిచూసుకోవడం ఎలా?

మొదటిరోజు రాసిన ఒక్క వాక్యాన్ని, ఇప్పటి తీర్పును పక్కపక్కన పెట్టండి. రెండోది మొదటిదానికి కారణం చెప్తూ ఉండాలి. "మోసం చేసినట్టు ఉంది" అని రాసుకున్నారు, తీర్పులో రోడ్డు మీది మనిషి షాట్ దొరికింది. సరిపోయింది. మొదటి వాక్యం గురించి తీర్పులో ఏమీ లేకపోతే మీ అసలు నిరాశకు కారణం ఇంకా దొరకలేదు, ఆరో మెట్టుకు వెళ్లండి.

తర్వాత, ఇదే సినిమాను ఎవరో కొత్తవాళ్లు పెద్దగా పేరులేని చిత్రోత్సవానికి పంపారనుకోండి. అవే మార్కులు వేసేవారా? అయిదుకు మించి తేడా వస్తే నామినేషన్ మీ చేతిని ఎటో ఒకవైపు లాగింది. పైకి లాగడమే కాదు, కిందికి కూడా లాగుతుంది. అవార్డు సినిమా అంటే ఎక్కువ ఆశించి, మామూలు లోపానికి పెద్ద శిక్ష వేసేవాళ్లు తక్కువేమీ కాదు.

ఒక్కసారే చూసే వీలుంటే? టైటిల్స్ పడుతున్నప్పుడే మూడు సంగతులు రాసుకోండి: మీ నిరాశ వాక్యం, సినిమా అడిగిందనుకున్న ప్రశ్న, గుర్తున్న ఒక నిర్ణయ క్షణం. మార్కులు మర్నాడు వేయండి. ట్విస్ట్ అబద్ధం చెప్పిందా, దాచిందా అన్నది ఒక్క వీక్షణలో తేల్చలేరు కాబట్టి, దాని పేరుతో ముగింపు గడిలో సగం కంటే కిందికి దించకండి.

జ్యూరీలో కూర్చున్నప్పుడు అందరూ మార్కులు రాసిచ్చేదాకా చర్చ మొదలుపెట్టవద్దని ముందే చెప్పండి. మొదట గట్టిగా మాట్లాడినవాళ్ల వైపు మిగతావాళ్లు జరుగుతారు. చర్చలో ఎవరైనా ఆ ముగింపును సమర్థిస్తే, అది ఏ షాట్‌ను బట్టి అంటున్నారో అడగండి. చెప్పిన షాట్ మీ నోట్సులో లేకపోతే ఆ నిమిషం మళ్లీ పెట్టించుకుని చూసి, అవసరమైతే ముగింపు గడి ఒక్కటే దిద్దండి. నోట్సులో ఉంటే, దాన్ని చూసే మార్కులు వేశారు కాబట్టి అలాగే ఉంచండి.